పెద్దమ్మ పెట్టిన ఒట్టు

మా పెద్దమ్మ పోయింది. బడిల పిల్లలు మధ్యాహ్నం బువ్వకు కూసున్నప్పుడు తమ్ముడు ఫోన్ చేసిండు. "అక్కా, పెద్దమ్మ పొద్దుగాల పోయింది. నిద్రలనే పోయింది. నువ్వు బయలెల్లు" అన్నడు. నేను ఏడ్వలే. చెప్తే మంచిగుండదు గని, నాకు ముందుగాల వచ్చింది కోపం. అయ్యో, ఇగ ఎవలను అడగాలె అనుకున్న. ఇరువై ఏండ్లకు పైబడి ఒక్క ముచ్చట ఆమెను అడుగుతనే ఉన్న. అడిగినప్పుడల్ల ఒక్కో తీరు చెప్పింది. ఏది నిజమో చెప్పకుండనే పోయింది.

ఈ నాలుగు మాటలు రాద్దామని కూసున్నప్పుడు సుత ఎట్ల రాయాలెనో తెలుస్తలేదు. మనిషి పోయినంక మంచిదని రాస్తరు. మంచిదే, దాన్ల అనుమానం లేదు. కాని తెలిసి మంచి చేసిందా, తెల్వక చేసిందా? గదే సమజ్ అయితలేదు. చదివేటోళ్లకు ఇది ఏం పెద్ద సంగతి అనిపిస్తదేమో. నాకు మాత్రం నా బతుకంత దాని మీదనే నిలబడ్డది.

ఆమె మా అమ్మకు అక్క. మాది పెద్దమందడి దిక్కు ఊరు. పెండ్లయిన రెండేండ్లకే మొగుడు పోయిండు, పిల్లలు లేరు. తొంభైల ఆఖరు దినాలల్ల ఏటేటా వానకాలం రాంగనే ఊర్ల ఆడపొల్లలను జమచేసి, గద్వాల దిక్కు సీడు పత్తి చేన్లకు తోలుకపోయేది. పొల్లలకు మేస్త్రమ్మ అన్నట్టు. నేను మూడేండ్లు పోయిన ఆమెతోని.

సీడు పత్తి అంటే మామూలు పత్తి కాదు. రెండు రకాల చెట్లను కలిపి కొత్త ఇత్తనం తీసుడు. ఆ కలుపుడు మా చేతులతోనే అయ్యేది. పొద్దుగూకే యాల్లకు, రేపు ఏ మొగ్గ విచ్చుకుంటదో దాన్ని ఏరి, గోరుతోని గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, ఎర్ర కాయితం తొడగాలె. తెల్లారినంక మగచెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలె. ఒక్క మొగ్గ విడిచిపెట్టినా అది తనంతట తాను కాయ పట్టి ఇత్తనం కల్తీ అయితది. పత్తిచెట్టు ఎత్తు, మా ఎత్తు ఒక్కటే ఉంటుండె, అందుకే పొల్లలే కావాలనేటోళ్లు రైతులు. పెద్దోళ్లు వంగి వంగి నడుములు పట్టుకుంటరు, పొల్లలకు ఆ బాధ లేదు అని. ఆ ఇత్తనం ఏడికి పోతదో, దానితోని పండిన పత్తి ఏ దేశంల ఎవల అంగి అయితదో మాకేం ఎరుక. మాకు ఎరుకున్న లోకం ఆ సాలు, ఈ సాలు, నడుమల పెద్దమ్మ గొంతు.

ఆ గొంతు మామూలుది కాదు. ఈ గట్టు మీద అరిస్తే ఆ గట్టు మీద కొంగలు లేస్తుండె. రోజూ పని అయినంక మమ్ములను వరసగ కూసోబెట్టి గోర్లు చూసేది. బొటనగోరు పెరగాలె, మిగిలినయి కత్తిరించి ఉండాలె. "గోరు పదునుండాలె, మనసు మెత్తగుండాలె. తారుమారైతే పువ్వూ పోతది, మనిషీ పోతది" అనేది. ఎవలన్న "కాళ్లు గుంజుతున్నయి పెద్దమ్మా" అంటే, "అలిసిన అని నోటితోని అనొద్దే, కాళ్లు ఇంటయి" అని కసురుకునేది. మల్ల ఆమెనే వచ్చి కాళ్లు ఒత్తేది. దెబ్బలు గూడ వేసింది, లేదని చెప్ప. జుట్టు పట్టి గుంజితే సాయంత్రందాంక మంట పోకపోయేది.

కాని చేన్ల పురుగుమందు కొట్టిన నాడు మాత్రం ఆమె ఇంకో మనిషి. రైతు "దింపు పొల్లలను, పూత ఆగది" అని మొత్తుకుంటుంటే, ఆమె గట్టు మీద బాసింపట్టు వేసుకొని కూసునేది. "వాసన పోయినదాంక ఒక్క పొల్ల దిగది పటేలా. నీ పూత రేపు గూడ వస్తది, పొల్లల పానం రాదు." ఆయన తిట్టేది, ఆమె కదలకపోయేది. నడుమ నడుమ లేచి చేన్లకు పోయి ముక్కుతోని గాలి గుంజి చూసి వచ్చేది. ఆమె ఒప్పుకున్నంకనే మేం దిగేది. ఇప్పుడు పుస్తకాలల్ల దీనికి ఏవేవో పేర్లు ఉన్నయి. అప్పుడు ఆమె ముక్కే ఉండె.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాలె, గది చెప్పకుంటే మిగిలింది సమజ్ కాదు. ఆ చేన్లల్ల ఒక కట్టుబాటు ఉండె. పెద్దమనిషి అయిన పిల్ల పూత మీదున్న చేన్ల అడుగు పెట్టొద్దు. పెడితే పువ్వు మాడిపోతది, పట్టిన పిందె రాలిపోతది అని. రైతులు నమ్మేటోళ్లు, పెద్దమ్మ గూడ నమ్మేది, మేం గూడ నమ్మేది. పొల్లలను మాట్లాడనీకి ఇండ్లకు వచ్చినప్పుడు ఆమె ఎవల వయసూ అడిగేది కాదు. వయసు ఎవలకు తెలుసు? "పెద్ద వాన పడ్డ ఏడు పుట్టింది" అంటరు తల్లులు. ఏ పెద్ద వాన? అందుకని ఆమె అడిగేది ఒక్కటే: "పొల్ల ఇంక పెద్దమనిషి కాలే గదా?" కాలే అంటే మూట కట్టుకోమనేది. పని నడుమల ఏ పిల్లన్న అయితే, ఆ పొద్దే రవికగుడ్డ పెట్టి బస్సు ఎక్కించి ఇంటికి తోలేది. మల్ల ఆ పిల్ల చేనుకు వచ్చుడు ఉండది.

మూడో ఏడు, పూత మంచి మీదున్నప్పుడు, నాకు అయ్యింది. మోటర్ కాడ కాలువల కాళ్లు కడుక్కుంటుంటే చూసుకున్న. చెప్తే ఇంటికి తోలుతరు. అమ్మ నా కూలి మీద ఎంత ఆశ పెట్టుకున్నదో నాకు ఎరుక. చెప్పకుంటే చేను ఖరాబు అయితది. ఒక్క చెన్నమ్మకు మాత్రం చెప్పిన. చెన్నమ్మ నా జోడి, ఒకే సాలుకు ఆమె అటు, నేను ఇటు. "ఎవ్వలకు చెప్పకే" అన్న. "చెప్ప తియ్" అన్నది. ఇగ అప్పటి సంది ఏ పిందె రాలినా నాతోనే రాలిందనుకుంట దొంగ లెక్క తిరిగిన.

మూడోనాడు జీపు వచ్చింది.

కంపెనీకి రైతుకు నడుమ ఒక ఏజెంటు ఉండె. ఆయన ముందురోజే చెప్పిపోయిండు: "రేపు పెద్దోళ్లు వస్తున్నరు, ఇత్తనం కొనే కంపెనీ తరఫున. అన్ని అరుసుకుంటరు, జర పదిలం." అప్పటిదాంక పెన్ను పట్టుకొని మా చేనుకు వచ్చినోళ్లంత ఒక్కటే చూసేటోళ్లు, పువ్వు కల్తీ అయ్యిందా లేదా అని. ఇంకేం చూస్తరు? ఆ ఆలోచన ఎవ్వలకు రాలే, రైతుకు సుత రాలే. చీకటి పడేదాంక పొల్లలు చేనంత తిరిగి విడిచిపోయిన మొగ్గలు ఏరిన్రు. మమ్ములను దాచిపెట్టాలని ఒక్కలకు తోచలే. పైంగ పెద్దమ్మ పొద్దున్నే మా నెత్తులకు నూనె రాసి, జడలు వేసి, నీటుగ వరసల నిలబెట్టింది. తలుసుకుంటే ఇప్పుడు గూడ నవ్వాలెనో ఏడ్వాలెనో తెల్వదు.

జీపుల నుంచి ఒక తెల్లామె దిగింది, ఆమెతోని హైదరాబాద్ సారు ఒకాయన. రైతు "బర్రి మేడమ్, బర్రి" అని నవ్వుకుంట ఎదురువోయిండు. ఆయనకు రాయచూరు దిక్కు చుట్టాలు, సంబురమైతే కన్నడం వస్తుండె. తెల్లామె పువ్వుల దిక్కు చూడనే లేదు. మా దిక్కే చూసింది. సారు చేతిల కాయితాల కట్ట. ఆమె ఇంగ్లీషుల అడుగుతది, ఈయన పుస్తకం తెలుగుల మాకు చెప్తడు.

"పురుగుమందు చల్లిన తరువాత ఎన్ని గంటలకు పొలంలోకి వెళతారు?"

"నా ముక్కు ఒప్పుకున్నంక సారు" అన్నది పెద్దమ్మ.

"తాగడానికి శుభ్రమైన నీరు ఉంటుందా?"

"కరెంటు ఉన్నంతసేపు మస్తు."

"అందరూ ఇష్టంగానే ఈ పని చేస్తున్నారా?"

"ఇష్టం పండుగనాటి మాట సారు, ఇది పని."

సారు నవ్విండు. తెల్లామెకు చెప్పిండు. ఆమె నవ్వలే, రాసుకున్నది. తర్వాత సారు మా వరసంత ఒకపారి చూసి, "ఈ పిల్లల వయసు ఎంత ఉంటుంది?" అన్నడు.

పెద్దమ్మ ముఖం ఎలిగిపోయింది. ఇంతసేపు సుట్టు తిరిగి ఇప్పుడు అసలు సంగతికి వచ్చిండు అనుకున్నట్టుంది. "ఆ రంది వద్దు సారు! ఒక్కతి గూడ పెద్దమనిషి కాలే. అందరు పసి పొల్లలే. పువ్వుకు ఏం కాదు."

"ఏమన్నావమ్మా? మళ్లీ చెప్పు."

ముందు వరసల ఉన్న నన్ను రెక్క పట్టి గుంజింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నమ్మకుంటే గీ పొల్ల మీద ఒట్టు సారు. పద్నాలుగు మందిల ఒక్కతి ఈడుకు రాలే. అందరు చిన్నోళ్లే."

ఎనుకనుంచి రైతు గూడ, "నిజం సార్, మరీ చిన్నోళ్లు, చూడున్రి కావాలంటే" అని తల ఊపుతుండు. సారు ఆమెకు చెప్పిండు. తెల్లామె పెన్ను ఆగింది. నా మొఖం చూసింది, ఆమె కండ్లల్ల నీళ్లు. నాకేమో అవేవి పట్టలే. అబద్ధపు ఒట్టు నా మీద పడ్డది, పొద్దుగూకేసరికి సచ్చిపోత, గదొక్కటే నా భయం.

సావలే. వారానికి ఏజెంటు ఉరుక్కుంట వచ్చిండు. చిన్నపొల్లలు ముట్టిన ఇత్తనం కంపెనీ తీసుకోదట, చేను రద్దు చేస్తరట, తెల్లారేసరికి పొల్లలు ఉండొద్దట. రైతు పెద్దమ్మ మీద పడ్డడు. "నోరు మూసుకొని ఉండరాదే? నా కొంప ముంచినవ్!" ఆయన ఊపిన తల ఆయనకు యాదికి లేదు. మమ్ములను ట్రాక్టర్ ఎక్కించి గద్వాల బస్టాండ్ల దించి పోయిన్రు. పూత నడుమలనే విడిచిపెట్టి వచ్చినం. బస్టాండ్ల బల్ల మీద కూసోని పెద్దమ్మ మా మూటలు లెక్కవెట్టింది. తర్వాత నా దిక్కు చూసి, "మంచిదే అయ్యింది తియ్" అన్నది. ఆ ఒక్క మాట పట్టుకొని నేను ఇన్నేండ్లు వేలాడిన.

ఎందుకంటే ఆ తర్వాత నాకు మంచే అయ్యింది. చేన్ల పని విడిచిన పొల్లలకు చదువు చెప్పే శిబిరం ఒకటి వనపర్తిల పెట్టిన్రు. తల్లో తండ్రో వచ్చి సంతకం పెడితే చేర్చుకుంటరు. మా అమ్మ వచ్చి ఏలుముద్ర వేసింది. అటెనుక హాస్టలు, పదో తరగతి, ట్రైనింగు. ఇప్పుడు నాగర్‌కర్నూలు కాడ సర్కారు బడిల టీచరును. నిన్ను బడికి పంపింది ఎవలు అని అడిగితే, "మా పెద్దమ్మ" అని చెప్పుకుంట వచ్చిన. పిల్లలకు చెప్పిన, మీటింగులల్ల చెప్పిన. చదువురాని మనిషి, తెల్వనట్టు నటించి, కంపెనోళ్ల ముంగట నిజం చెప్పి నన్ను చేను నుంచి తప్పించింది అని. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను గూడ ఆ చప్పట్లు నమ్మిన.

కాని చెన్నమ్మకు గట్ల కాలే. శిబిరమోళ్లు పేర్లు రాసుకునేటప్పటికే వాళ్ల అమ్మానాయినలు మట్టిపనికి పుణె దిక్కు పోతున్నరు. చేన్ల పని ఉండుంటే చెన్నమ్మ పెద్దమ్మ కాడనే ఉండేది. లేదు గనుక ఎంట తీసుకపోయిన్రు. ఆడ రాయి మీద పడి కుడిచెయ్యి ఏళ్లు రెండు నలిగినయి. ఇంకో ఇద్దరు ముగ్గురు గట్లనే పోయిన్రు. మరి పెద్దమ్మ తెలిసే చేసి ఉంటే, నా ఒక్కదాని కోసం వాళ్ల నోటికాడి బువ్వ తీసినట్టా? తెల్వక చేసి ఉంటే, నేను మీటింగులల్ల చెప్పుకున్నదంత ఏంది?

ఇంకొకటి. ఒట్టంటే ఆమెకు ఆట కాదు. అబద్ధపు ఒట్టు పెడితే ఎవల నెత్తి మీద పెట్టినమో వాళ్లకు తాకుతదని ఆమె నమ్మకం. నా సంగతి ఆమెకు ఎరుకుంటే నా నెత్తి మీద చెయ్యి పెట్టనే పెట్టది. అంటే ఎరుక లేదు. మరి ఎరుక లేకుంటే ఆ మూడు దినాలు నన్ను పువ్వు ఎందుకు ముట్టనియ్యలే? "నువ్వు నీళ్లు మొయ్యే, చేతులు వణుకుతున్నయి" అని కడవ ఇచ్చి గట్టు మీదనే తిప్పింది. ఈ సంగతి నాకు టీచరు అయినంక ఒకనాడు యాదికొచ్చింది. అప్పటి సంది మనసు నిలకడ లేదు. మీరే చెప్పున్రి, ఎరుకుండెనా లేకుండెనా?

పదో తరగతి పాసైనప్పుడు అడిగిన. "తెలిసే అన్ననే, నేనేం పిచ్చిదాన్నా?" అన్నది ఛాతి ఇరుసుకొని. నౌకరి వచ్చినప్పుడు మల్ల అడిగితే, "నాకేం తెలుసు బిడ్డా, ఆ సారు పువ్వు సంగతి అడుగుతుండనుకున్న" అన్నది. పోయినేడు దవాఖానల ఉన్నప్పుడు మంచం పక్కన కూసోని ఇగ ఆఖరు అని అడిగిన. కండ్లు మూసుకొనే, "నీకు బువ్వ దొరుకుతున్నదా లేదా? ఇగ గది తవ్వుడెందుకు, తవ్వితే మన దిక్కు రాళ్లే ఎల్తయి" అన్నది. అని నవ్వింది. నాకు మండింది. రెండు దినాలు దవాఖానకు పోలే.

పెద్దమ్మ పోయిన మూడోనాడు, పిట్టకు బువ్వ పెట్టే యాల్లకు చెన్నమ్మ వచ్చింది. దూరంల పని చేసే కాడినుంచి రెండు రాత్రుల ప్రయాణం చేసి వచ్చింది. పెద్దమ్మ మీద నా కంటే ఎక్కువ ఏడ్చింది. నాకు ఆశ్చర్యమైంది. ఈమెకు కోపం ఉండాలె గదా అనుకున్న. ఆ మాపటికే మల్ల పనికి పోవాలె అంటే, వనపర్తి బస్టాండు దాంక నేనే తోలుకపోయిన. బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆగలేక అడిగిన.

"చెన్నమ్మా, నన్ను చేను నుంచి తప్పించనీకే పెద్దమ్మ ఆనాడు గట్ల అన్నదంటవా?"

నా దిక్కు వింతగ చూసింది. "నీకు ఇంక తెల్వదా? నీ సంగతి నేనే చెప్పిన పెద్దమ్మకు, ఆ పొద్దే. నీ మొఖం చూస్తే నాకు భయమైంది."

"అంటే ఎరికే ఉండెనా?"

"ఎరికే. పిందె రాలుతున్నదని రైతుకు అనుమానం వచ్చింది. మీ పొల్లల్ల ఎవలన్న అయ్యిన్రా అని జీపు వచ్చే ముందునాడే ఆమెను నిలదీసిండు. ఆ ఒట్టు సారు కోసం కాదే, ఎనుక నిలబడ్డ రైతు కోసం. నిన్ను తోలేస్తడు, చేసిన కూలి గూడ ఎగబెడతడు అని. నిన్ను చేన్ల ఉంచనీకి పెట్టింది ఒట్టు."

"చేన్ల ఉంచనీకా?"

"మరి! నిన్ను ఉంచబోయి అందరిని పోగొట్టింది. అందుకే మా ఎంట పుణె వచ్చి రెండేండ్లు ఉత్తగనే వండిపెట్టింది. నా చెయ్యి నలిగినప్పుడు ముద్దలు చేసి తినిపించింది. ఆ ఒట్టు నీకు తాకొద్దని శనివారం వస్తే నీళ్లు తప్ప ఏం ముట్టకపోయేది. నడుము ఇరిగేటట్టు పనిజేసిన నాడు సుత ముట్టలే."

పెద్దమ్మ పుణె పోయింది కూలి కోసమనే అనుకున్న నేను. "నాకెందుకు చెప్పలేదే, మీరిద్దరు?" అన్న.

"చెప్పొద్దన్నది. 'పెద్దమ్మనే బడికి పంపింది అనుకుంట మంచిగ సదువుతున్నది, అనుకోనియ్యి' అన్నది. ఇప్పుడు పోయింది గదా, ఇగ నాకెందుకు దాచుడు."

"మరి నన్ను బడికి పంపింది ఎవలే?"

చెన్నమ్మ నిజంగనే ఆలోచన చేసింది. "ఎవ్వలు పంపలే. పని పోయింది, నువ్వు పోయినవ్. మా అమ్మోళ్లు ఊర్ల ఉంటే నేను పోతుంటి" అన్నది. అన్నదాన్ల ఎత్తిపొడుపు లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. అదే నాకు ఓర్సుకోనీకి కాలే.

గంతల బస్సు వచ్చింది. ఆమె ఉరికి ఎక్కింది. బస్సు కదలనీకి ఇంక టైం ఉండె. తోవల తింటదని ఎదురుంగ బండి మీద సీతాఫలాలు కొన్న, పండినయి ఏరి ఏరి. నిజానికి ఆమెను ఒక్కటి అడగాలని ధైర్యం చేసుకుంటున్న. నా మీద కోపం ఉన్నదా అని. కిటికీ కాడికి పోయిన. అప్పటికే చెన్నమ్మ నిద్రపోయింది. నోరు తెరుచుకొని, నలిగిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని, రెండు రాత్రుల నిద్ర ఒక్కసారి మీద పడ్డట్టు. లేపబుద్ధి కాలే. డ్రైవర్ ఎక్కిండు, బస్సు ఎనుకకు మళ్లి గేటు దాటింది. ఆమె తల కిటికీ చువ్వకు తగులుకుంట పోతున్నది, అయినా లేవలే. సీతాఫలాల సంచి నా చేతులనే ఉన్నది.